నా సర్వీసులో ఒక్క బాంబూ విమానం ఎక్కలేదు

విమానాశ్రయ భద్రత గురించి మాట్లాడడానికి నీకేం అర్హత ఉందని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే ముందే చెప్పేస్తున్నాను: నేను లెవెల్ 63. పది నెలల సర్వీసు. ఆఫీసు మీటింగుల్లో, లిఫ్టులో, బాత్రూంలో, రాత్రి దుప్పటి కింద, ఎక్కడ పడితే అక్కడ డ్యూటీ చేశాను. ఒక్క రోజు సెలవు పెట్టలేదు. పెడితే రోజూ హాజరైనందుకు ఇచ్చే బోనస్ పోతుంది.

డ్యూటీ ఏమిటో తెలియని అమాయకుల కోసం వివరిస్తాను. ఫోన్లో ఒక విమానాశ్రయం ఉంటుంది. అందులో ఒకే ఒక కౌంటరు, దాని వెనక నేను. పెద్ద బుర్ర, పొట్టి కాళ్లు ఉన్న బొమ్మ ప్రయాణికులు ఒక్కొక్కరే నా ముందుకొస్తారు. పాస్‌పోర్టు ఫొటోలో మీసం ఉండి, మనిషికి లేకపోతే ఎర్ర బటన్ నొక్కాలి. మీసం తీయించుకునే హక్కు పౌరుడికి ఉందా లేదా అన్న ప్రశ్న లెవెల్ 4 దాకా నన్ను బాధించింది. ఆ తర్వాత బాధించలేదు. ఇక బ్యాగు ఎక్స్-రేలోకి వెళ్తుంది. లోపల మూడు డైనమైట్ గొట్టాలు, వాటికి కట్టిన అలారం గడియారం. లేదా వత్తి వెలుగుతున్న నల్లటి గుండ్రటి బాంబు. ఒక్కోసారి బతికున్న ఆక్టోపస్. వేలు పెట్టగానే 'టింగ్' మని నాణేలు రాలతాయి. దొరికినవాడు సరిగ్గా రెండు కన్నీటి బొట్లు కార్చి మాయమైపోతాడు. వాడు నిలబడ్డ చోటే వెనకవాడు నవ్వుతూ వచ్చి నిలబడతాడు. మొత్తం విచారణకు తొమ్మిది సెకన్లు. ఆ నాణేలతో కౌంటరు మీదకు ఒక పూలకుండీ కొన్నాను.

ప్రతి మూడో ప్రయాణికుడూ నేరస్థుడైన ఆ దేశం ఏదో నేనెప్పుడూ అడగలేదు. ఒక షిఫ్టులో 41 బాంబులు పట్టుకున్నా మా విమానాశ్రయం మూసేయలేదు, ఒక్క విమానం కూడా ఆలస్యం కాలేదు. ఇబ్బంది ఒక్కటే. ఇద్దరు ప్రయాణికులకోసారి ప్రకటన వస్తుంది. గొడుగు మడతల్లో దాచిన కత్తిని క్షణంలో పట్టేసే నా కళ్లకు, ఆ ప్రకటనను మూసే ఇంటూ గుర్తు మాత్రం ముప్పై సెకన్లు వెతికినా దొరకదు. స్మగ్లర్లు ఆ డిజైనర్ దగ్గర ట్యూషన్ చెప్పించుకుంటే నా ఉద్యోగం ఊడినట్టే.

ఇంత అనుభవం వచ్చాక, నిజం విమానాశ్రయాల్లో పనిచేసే నా సహోద్యోగులు ఏం చేస్తున్నారో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకుని చాలా నిరుత్సాహపడ్డాను. వాళ్ల తెర మీద వస్తువులు నారింజ, ఆకుపచ్చ, నీలం రంగుల్లో కనిపిస్తాయి. లోహం నీలం. సేంద్రియ పదార్థమైతే నారింజ. సబ్బు, పుస్తకం, చాక్లెట్, ప్లాస్టిక్ పేలుడు పదార్థం, అన్నీ దాదాపు ఒకే కుటుంబపు నారింజ. ఒక్కదానికీ వత్తి ఉండదు. అసలు సమస్య అదీ కాదు. అక్కడ ఏమీ దొరకదు! ఇవాళ దొరకదు, వచ్చే నెలా దొరకదు. కొండను తవ్వి ఎలుకను పట్టామని మనం ఎగతాళి చేస్తాం గానీ, పాపం వాళ్లకు ఆ ఎలుక కూడా ఉండదు. ఎలుక లేదని తేలడమే వాళ్ల విజయం. దానికి నాణేలెవరిస్తారు?

దీనివల్ల కన్ను పాడవుతుందని శాస్త్రవేత్తలే తేల్చారు. జెరెమీ వుల్ఫ్ బృందం 2005లో 'నేచర్' పత్రికలో ఒక ప్రయోగం గురించి రాసింది. వెతికే వస్తువు సగం బొమ్మల్లో ఉన్నప్పుడు జనం దాన్ని 7 శాతం సార్లే వదిలేశారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉంచితే 30 శాతం సార్లు వదిలేశారు. అంటే కన్ను కూడా ఉద్యోగే. ఎలాగూ ఏమీ దొరకదని అర్థమయ్యాక ఫైలు తెరవకుండానే సంతకం పెట్టేస్తుంది. యూరప్ నిబంధనల ప్రకారం స్క్రీనర్ మామూలుగా ఏకబిగిన 20 నిమిషాలకు మించి తెర చూడకూడదు. నేను రెండు గంటలు చూస్తాను. ఓవర్‌టైమ్ కూడా అడగలేదు.

మరి కన్ను నిద్రపోకుండా ఏం చేశారనుకున్నారు? థ్రెట్ ఇమేజ్ ప్రొజెక్షన్ అని ఒక ఏర్పాటు పెట్టారు. ఎవరిదో నిజమైన బ్యాగు లోపలికి వెళ్తుంటే, యంత్రం దాని బొమ్మలో ఒక ఉత్తుత్తి తుపాకీని ఇరికిస్తుంది. అధికారి గుండె గుభేలుమని బటన్ నొక్కగానే, ఇది పరీక్ష మాత్రమే, మీరు సరిగ్గా పట్టుకున్నారు అని తెర చెబుతుంది. నేను వాళ్ల ఉద్యోగాన్ని ఆటగా ఆడుతుంటే, వాళ్లు నా ఆటను ఉద్యోగంలో పెట్టుకున్నారన్నమాట. తేడా అల్లా 'టింగ్' లేకపోవడమే.

అంతటితో ఆగలేదు. 'ఎయిర్‌పోర్ట్ స్కానర్' అనే ఫోన్ ఆటలో జనం చేసిన లక్షల కొద్దీ వెతుకులాటలను పరిశోధకులు తీసుకుని 2014లో ఒక పత్రం ప్రచురించారు. మరీ అరుదుగా వచ్చే వస్తువుల దగ్గర ఆటగాళ్లు ఘోరంగా తప్పారట. తప్పితే తప్పారు, వాళ్ల బొటనవేళ్లు విజ్ఞానశాస్త్రానికి పనికొచ్చాయి. నా బొటనవేలి సమాచారం ఎవరికి పనికొస్తోందో మరి! అనుమతుల పేజీ వచ్చినప్పుడు చదవకుండా 'ఓకే' కొట్టేశాను. లైన్లో జనం ఉన్నారు మరి.

అమెరికాలో 2015లో రహస్య తనిఖీలు జరిపితే, 70 ప్రయత్నాల్లో 67 సార్లు నిషిద్ధ వస్తువులు చెకింగ్ దాటిపోయాయని వార్తలొచ్చాయి. అక్కడి భద్రతా సంస్థ తాత్కాలిక అధిపతిని వేరే కుర్చీకి మార్చారు కూడా. ఆ కుర్చీకి దరఖాస్తు పెడదామనుకున్నాను గానీ, ఆ వారం మా ఆటలో పోలీసు కుక్క ఉచితంగా ఇస్తున్నారు.

అయినా వృత్తి మీద గౌరవంతో, ఆటలో వాస్తవికత పెంచాలని కంపెనీకి లేఖ రాశాను. మొదటి లెవెల్లో వెయ్యి బ్యాగులు రావాలి, ఒక్కదాంట్లోనూ ఏమీ ఉండకూడదు. రెండో లెవెలూ అంతే. మూడో లెవెల్లో ఒకాయన నీళ్ల సీసా ఇవ్వనని పేచీ పెట్టి, "నేనెవరో తెలుసా?" అనాలి. నాలుగో లెవెల్లో ఆయన తమ్ముడు రావాలి.

రాస్తూ రాస్తూ ఒక విషయంలో ఆటను మెచ్చుకోక తప్పలేదు. అందులో నిబంధనలు పూటకోరకంగా మారతాయి. ఇవాళ టోపీలు నిషిద్ధం, రేపు బ్రహ్మజెముడు మొక్కలు. మొదట్లో ఇదేం తలాతోకా లేని వ్యవహారమని నవ్వుకున్నాను. తీరా చూస్తే మొత్తం ఆటలో నిజానికి దగ్గరగా ఉన్నది అదొక్కటే. 2001 డిసెంబరులో ఒకడు బూట్లలో పేలుడు పదార్థం పెట్టుకుని విమానం ఎక్కాడు. వాడి ఒక్కడి పాదాల పాపానికి కోట్లమంది చెకింగ్ దగ్గర బూట్లు విప్పారు. అమెరికాలో ఆ నియమం 2025 జులై దాకా పోలేదు. 2006 ఆగస్టులో బ్రిటన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడింది. ఆ తర్వాత చాలాచోట్ల, చేతి బ్యాగులో ద్రవాల సీసా ఏదీ 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న లెక్క వచ్చి కూర్చుంది. ఆ రెండో కుట్ర లోదుస్తుల్లో జరగనందుకు అందరం ఊపిరి పీల్చుకున్నాం. 2009లో ఒకడు ఆ ముచ్చటా తీర్చాడు. తర్వాత ఒళ్లంతా చూసే స్కానర్లు పెరిగాయి.

కంపెనీ నుంచి జవాబొచ్చింది. నా అభిప్రాయం వాళ్లకు చాలా విలువైనదట. దానికి 50 నాణేలు వెల కట్టారు.

పోయిన నెల నిజంగానే విదేశానికి వెళ్లాల్సి వచ్చింది. బెల్టు, ఫోను, లాప్‌టాప్ ట్రేలో పెట్టి, తోటి అధికారుల పనితీరును పర్యవేక్షిస్తూ ముందుకు నడిచాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా ముందున్నవాళ్లంతా జేబులు తడుముకుంటున్నారు. నేను తడుముకోలేదు. నా బ్యాగు ఒక్కటే పక్క బెల్టు మీదకు మళ్లింది.

"ఈ బ్యాగ్ మీదేనా సార్?" ఒక అమ్మాయి గ్లవ్స్ సర్దుకుంటూ అడిగింది. జిప్పు తీసి, బట్టలేవీ చెదరకుండా, నేరుగా మూలకు చెయ్యి పోనిచ్చి టూత్‌పేస్ట్ ట్యూబ్ బయటకు తీసింది. అడుగు నుంచి మూడు మడతలు చుట్టి, ఇంకో రెండు పూటలకు సరిపోయేలా పిండి పెట్టుకున్న ట్యూబ్.

"అందులో పది మిల్లీలీటర్లు కూడా ఉండదమ్మా."

"లోపల ఎంతుందని కాదు సార్, పైన ఎంత రాసుందో చూస్తాం. నూటయాభై రాసుంది."

సాటి అధికారిగా చెప్పి చూద్దామనిపించింది. గొంతు తగ్గించి, "నేను లెవెల్ 63" అన్నాను.

ఆమె ఒక్కసారిగా నిటారుగా నిలబడింది. "ఏ డిపార్ట్‌మెంట్ సార్?"

నా వెనక క్యూ పెరుగుతోంది. నేనేమీ చెప్పకపోయేసరికి ఆమె ట్యూబ్‌ను పక్కనున్న డబ్బాలో వేసింది. అది అప్పటికే నిండిపోయిన సీసాల మీద మెత్తగా పడింది. నేను చెవులు రిక్కించి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఏ చప్పుడూ రాలేదు. ఆమె అప్పటికే వెనకాయన బ్యాగు జిప్పు తీస్తోంది.