ఏ చెట్టు, ఏ వీధిలో?

అక్టోబర్ వస్తే విశాఖలో కొన్ని వీధులు సాయంత్రమయ్యేసరికి ఘాటెక్కిపోతాయి. ఏడాకులపాల చెట్లు పూసే కాలం అది. కొందరికి ఆ వాసన ఇష్టమే. ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం చుట్టు తిరిగైనా పక్క వీధిలోంచి పోతారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఊళ్లో చెట్లను కూల్చేశాక, మళ్లీ తొందరగా పచ్చబడాలన్న ఆత్రంలో విరివిగా నాటిన రకం ఇది. ఏపుగా పెరుగుతుంది, పశువులు ముట్టవు. నర్సరీ లెక్కలో వంక పెట్టడానికేమీ లేదు, జనం ఊపిరితిత్తులే ఆ లెక్కలోకి రాలేదు. ఉప్పుగాలికి తట్టుకునే కానుగ, పొన్న మనకు ఉండనే ఉన్నాయి. మొక్కల జాబితా ఖాయం చేసే ముందు ఓ ఛాతీ వైద్యుడికి చూపించడం పెద్ద పనా?

నాటిన తర్వాత చేసేది ఇంకో తప్పు. ఫుట్‌పాత్ మీద చెట్టు మొదలు ఓసారి వంగి చూడండి. టైల్స్ కాండం దాకా పరిచి, సందుల్లో సిమెంటు పూసేస్తారు. వాన నీరు వేళ్లకు దిగదు, రోడ్డెక్కుతుంది. వేళ్లు సరిగా పాకని చెట్టు గట్టి గాలికి నిలబడదు. చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ విషయంలో ఆదేశించింది. తుపానుల ఊరికి ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

విశాఖ గిన్నెలాంటి ఊరు. అటు సింహాచలం కొండలు, ఇటు యారాడ కొండ, నడుమ పోర్టు, ఫ్యాక్టరీలు. దుమ్ము, పొగ ఓ పట్టాన బయటికి పోవు, చలికాలం మరీను. గాలి బాగాలేని నగరాల కోసం 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన నగరాన్నీ చేర్చారు. పోర్టుకి దగ్గరున్న జ్ఞానాపురం, మల్కాపురం వైపు దుమ్ముని పట్టి ఉంచే గరుకు ఆకుల చెట్లు వరసలుగా కావాలి. అలాగని ఇరుకు సందుల్లో కొమ్మలు కలిసిపోయేంత దట్టంగా పెంచితే బండ్ల పొగ కిందే ఆగిపోతుంది, అక్కడ ఎడంగా నాటాలి. సుందరీకరణ అనగానే మాత్రం అందరి చూపూ బీచ్ రోడ్డు మీదికే పోతుంది. సముద్రపు గాలి తగిలే చోటికి అంత హడావుడి ఎందుకో!

ఇక గెడ్డలు. కొండల మీది వాన నీటిని సముద్రంలో కలిపే దారులకు గోడలు కట్టి, చాలాచోట్ల పైన స్లాబులేసి మురుగు కాలువలు చేసుకున్నాం. వెడల్పున్న చోటైనా ఒక గట్టుని మట్టిగా వదిలి, చెట్లు పెంచి, పక్కన నడకదారి వేస్తే వాన నీరు కొంత ఇంకుతుంది, వేడి కాస్త తగ్గుతుంది, షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే నడిచే చోటు దొరుకుతుంది. అయితే ముందు ఇళ్ల మురుగు పైపులు గెడ్డలో కలవకుండా మళ్లించాలి. ఆ పని వదిలేసి గట్టున పూలమొక్కలు పెడితే ఫొటోకి బాగుంటుంది గానీ, ఆ కంపులో వాకింగ్‌కి ఎవరూ రారు.