మోచేతి బెల్లం

లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు మీద జాలిపడేవాళ్లు లోకంలో కరువయ్యారు. 2024లోనూ 2025లోనూ వరసగా వరల్డ్ సిరీస్, అంటే అమెరికా లీగ్ ఫైనల్, గెలిచారు, ఇంకా ఏం కావాలట అని అందరూ పెదవి విరుస్తున్నారు. గెలిచినవాడికీ కడుపుకోత ఉంటుంది. మార్చి చివర్లో 2026 సీజన్ మొదలయ్యేలోగా ఆ బాధ నలుగురికీ తెలియజేయడం నా ధర్మంగా భావించి కలం పట్టాను.

ముందు డబ్బు సంగతి. నిరుడు ఆ జట్టు మీద పడిన పన్ను 16.94 కోట్ల డాలర్లు. జీతాలు కావు, ఒట్టి పన్ను. ఆటగాళ్ల జీతాల మొత్తం ఒక గీత దాటితే లీగ్ వేసే జరిమానా అది. 2025లో ఆ గీత 24.1 కోట్ల దగ్గర ఉంది. డాడ్జర్స్ దాన్ని దాటి, వెనక్కి తిరిగితే కనిపించనంత దూరం వెళ్లిపోయారు. ఏటా దాటేవాళ్లలో మరీ దూరం పోయినవాళ్లకు పై అంచెలో రేటు డాలరుకు డాలరూ పది సెంట్లు. మయామీ మార్లిన్స్ జట్టు ఏడాది పొడవునా తన ఆటగాళ్లందరికీ కలిపి ఇచ్చిన జీతం కూడా అంత లేదు. ఇంతకీ దీని అధికార నామం పోటీ సమతౌల్య పన్ను. సమతౌల్యం ఎంత చక్కగా కుదిరిందంటే, 2024లో 10.3 కోట్లు కట్టి గెలిచినవాళ్లు మరుసటి ఏడు ఇంకొంచెం ఎక్కువ కట్టి మళ్లీ గెలిచారు.

అయినా వాళ్లకు నిద్ర పట్టని కారణం డబ్బు కాదు, మోచేయి.

క్రికెట్ మాత్రమే తెలిసినవారికి ఒక మాట. పిచ్చర్ అంటే మన బౌలర్‌కు వరసకు అన్న. మోచేతిని వంచి విసరడం మన ఆటలో నేరం, అక్కడ అదే ఉద్యోగం. పరుగెత్తుకుంటూ వచ్చే వెసులుబాటు లేదు. మట్టి దిబ్బ మీద నిలబడి, ఉన్న బలమంతా చేతిలోకి తెచ్చుకుని విసరాలి. 2008లో వాళ్ల ఫాస్ట్‌బాల్ సగటు వేగం గంటకు 91.3 మైళ్లు, 2024 నాటికి అది 94.2 అయింది. ఈ వేగం పిచ్చే మోచేతులను తినేస్తోందని లీగే 2024 డిసెంబరులో ఒక పెద్ద నివేదిక వేసి ఒప్పుకుంది. నివేదిక చదివిన జట్ల యజమానులు గంభీరంగా తలలు ఊపి, అందరికన్నా వేగంగా విసిరేవాడికి అందరికన్నా పెద్ద చెక్కు రాశారు.

డాడ్జర్స్‌కు ఈ మోచేతి విద్య వంశపారంపర్యం. 1974లో వాళ్ల పిచ్చర్ టామీ జాన్ ఎడమ మోచేతిలో లిగమెంట్ తెగితే, డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతడి కుడి ముంజేతి నుంచి స్నాయువు తీసి అక్కడ కట్టాడు. 1976లో తిరిగొచ్చిన టామీ జాన్ 1989 దాకా విసిరి ఇంకో 164 ఆటలు గెలిచాడు. ఆ ఆపరేషన్‌కు చేసినవాడి పేరు కాక చేయించుకున్నవాడి పేరు స్థిరపడింది. రోగికి కీర్తి, వైద్యుడికి ఫీజు దక్కిన అరుదైన సందర్భం.

ఇక షోహెయ్ ఒటానీ, బంతీ విసిరి బ్యాటూ పట్టే జపాన్ ఆటగాడు. 2018లో ఒకసారి, 2023లో మరోసారి కుడి మోచేతికి కోత పడిన మనిషి. రెండో కుట్లు పడిన మూడు నెలలకు డాడ్జర్స్ అతడికి పదేళ్లకు 70 కోట్ల డాలర్లు రాసిచ్చారు. రాశారు గానీ ఇవ్వలేదు. ఇప్పుడిచ్చేది ఏడాదికి 20 లక్షలు. మిగిలిన 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా, ఏడాదికి 6.8 కోట్ల చొప్పున, వడ్డీ లేకుండా. మోచేతికి బెల్లం రాయడమనే మాటను మన పెద్దలు వట్టి ఆశ చూపడానికి వాడారు. అది అక్షరాలా ఒప్పందపత్రం అవుతుందనీ, దాని మీద ఒకడు చిరునవ్వుతో సంతకం పెడతాడనీ వాళ్లకు తోచి ఉండదు.

మా నాన్నగారు ఇల్లు కట్టించేటప్పుడు, మిగతా డబ్బు సంక్రాంతి తర్వాత ఇస్తానన్నారని మేస్త్రీ గోడను నడుము ఎత్తున ఆపేసి వెళ్లిపోయాడు. ఆ మేస్త్రీకి దూరదృష్టి లేదని ఇప్పుడు అర్థమవుతోంది. వాయిదా వేసిన డబ్బుకు ఇవాళ్టి విలువ తక్కువ కాబట్టి, ఏడాదికి 7 కోట్ల ఒటానీ పన్ను లెక్కలో 4.6 కోట్లకే తూగుతాడు. 2034 నాటికి అతడు కాలిఫోర్నియా వదిలి వెళ్లిపోతే ఆ రాష్ట్రానికి రావలసిన ఆదాయపన్నూ అతడితోనే విమానం ఎక్కుతుంది. ఆ రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంట్రోలర్, వాయిదా జీతాల పన్ను చట్టం మార్చమని అమెరికా కాంగ్రెస్‌కు మొరపెట్టుకున్నారు. ఒటానీ ఒక్కడే కాదు, అతడి జట్టువాళ్లు బెట్స్, ఫ్రీమన్, స్నెల్, స్మిత్, ఇలా అందరికీ కలిపి డాడ్జర్స్ తర్వాత ఇస్తామన్న సొమ్ము వంద కోట్ల డాలర్లు దాటింది. చీటీలు వేసే పిన్నిగార్లు ఈ లెక్క చూస్తే లేచి నమస్కారం పెడతారు.

ఇంత సంపద ఉన్నా ఆట చివర్లో బంతి ఎవరి చేతిలో పెట్టాలన్న ప్రశ్న తీరలేదు. ఆఖరి ఓవర్ వేసేవాడి లాంటి ఉద్యోగానికి టానర్ స్కాట్‌ను నాలుగేళ్లకు 7.2 కోట్లకు తెచ్చుకున్నారు. నిరుడు అతడు పదిసార్లు చేతిలో ఉన్న ఆధిక్యాన్ని జారవిడిచాడు. సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో (ప్లేఆఫ్స్‌లో) ఆ పని చివరకు 65 లక్షల బోనస్‌తో జపాన్ నుంచి వచ్చిన కుర్రాడు రోకీ ససాకీ మెడకు చుట్టుకుంది. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలాల్సిన ఆట, వరల్డ్ సిరీస్ మూడో ఆటలో 18 ఇన్నింగ్స్ సాగినప్పుడు కోట్ల పిచ్చర్లంతా అయిపోయి, అభిమానులకే సరిగా తెలియని విల్ క్లైన్ నాలుగు ఇన్నింగ్స్ పరుగు ఇవ్వకుండా 72 బంతులు విసిరి పరువు కాపాడాడు. ఖరీదైన చేయి పనికొచ్చిన సంగతీ చెప్పకపోతే పాపం. అమెరికాలో ఒక్క బంతీ వేయకముందే పన్నెండేళ్లకు 32.5 కోట్లు పలికిన జపాన్ పిచ్చర్ యమమోతో, ఆరో ఆటలో 96 బంతులు విసిరి, మర్నాడే ఏడో ఆట చివర్లో మళ్లీ దిబ్బ ఎక్కి ప్రత్యర్థి టొరంటో పని ముగించాడు. ఆ రాత్రి సంబరాల్లో మేనేజరు యమమోతో ముఖం చూశాడో, మోచేయి చూశాడో!

కొత్త సీజన్‌కు మందు కనిపెట్టారు: మూడేళ్లకు 6.9 కోట్లకు ఎడ్విన్ డియాజ్. మంచి పిచ్చరే. 2023 మార్చిలో, అంటే సరిగ్గా సీజన్‌కు ముందు, దేశాల మధ్య జరిగే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో తన ప్యూర్టో రికో గెలిచిన ఆనందంలో జట్టుతో కలిసి గంతులు వేస్తుంటే మోకాలి స్నాయువు తెగి ఏడాదంతా మూల కూర్చున్నాడు. అప్పుడు అతడు ఉన్నది న్యూయార్క్ మెట్స్ జట్టులో. ఆ పోటీ ఈ మార్చిలో మళ్లీ ఉంది. కాబట్టి అతడి ఒప్పందంలో ఒక షరతు చేర్చాలని నా వినయపూర్వక సూచన: విజయం లభించినచో సదరు ఆటగాడు కుర్చీలో కూర్చుని, కాళ్లు నేలకు ఆనించి, చప్పట్లు మాత్రమే కొట్టవలెను.

పిచ్చర్ల బెంగ ఇంత ఉండగా జనవరిలో వాళ్లు ఇంకా ఎవరిని కొన్నారనుకున్నారు? కైల్ టక్కర్‌ను, నాలుగేళ్లకు 24 కోట్లకు. అతడు బ్యాటరు. అతడికిచ్చే ప్రతి డాలరుకూ లీగ్‌కు ఇంకో డాలరు పైచిలుకు కట్టుకోవాలి. తలనొప్పికి కొత్త చెప్పులు కొనుక్కున్నట్టుంది అనబోయి ఆగాను, చెప్పులు చాలా బాగున్నాయి.

ఈలోగా పిట్స్‌బర్గ్ జట్టులో పాల్ స్కీన్స్ అనే కుర్రాడు నిరుడు 8.75 లక్షల డాలర్ల జీతానికి నేషనల్ లీగ్ ఉత్తమ పిచ్చర్‌గా సై యంగ్ అవార్డు గెలిచాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున రెండు పరుగులైనా ఇవ్వలేదు. అతడి గెలుపోటముల లెక్క 10-10. ఎందుకంటే పరుగులు చేయాల్సిన బ్యాటర్లను కొనడం అక్కడ దుబారా. డాడ్జర్స్ ఆటను నాశనం చేస్తున్నారనీ, జీతాలకు పైకప్పు వేయాలనీ అందరికన్నా గట్టిగా ఏడుస్తున్నది ఇలాంటి పర్సు విప్పని యజమానులే.  ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం ఈ డిసెంబరు 1న ముగుస్తుంది. పోయినసారి పైకప్పు కోసం పట్టుబట్టినప్పుడు, 1994లో, ఆటగాళ్లు సమ్మెకు దిగారు, వరల్డ్ సిరీసే జరగలేదు.

అది డిసెంబరు మాట. నేను మాత్రం జులై 1 కోసం ఎదురు చూస్తున్నాను. 2001లోనే ఆట మానేసిన బాబీ బొనియాకు న్యూయార్క్ మెట్స్ ఏటా ఆ రోజున 11.93 లక్షల డాలర్లు పంపుతారు. పాత బాకీ 59 లక్షలు అప్పుడే పారేయకుండా, 8 శాతం వడ్డీకి ఒప్పుకుని వాయిదా వేసుకున్న ఫలం. ఆ పింఛను 2035 దాకా ఉంది. ఒటానీ బెల్లం కరగడం మొదలయ్యేదీ 2034 జులై 1నే. రెండేళ్లపాటు ఆ ఇద్దరి పాసుపుస్తకాలూ ఒకే ఉదయం నిండుతాయి. వడ్డీ మాత్రం బొనియాకే.