‘ప’ నాదే, ‘డు’ మాత్రం కాదు

గోదావరి జిల్లాల్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒక కుటుంబానికి మూడేళ్ల కిందట ‘పచ్చళ్లు’ అన్న మాట చేత్తో గీసిచ్చాను. సీసా లేబుల్ మీదికి, అట్టపెట్టె మీదికి, కొట్టు బోర్డు మీదికి. మొన్న బంధువుల ఇంట్లో అదే కొట్టు కందిపొడి డబ్బా కనబడింది. దాని మీద ‘పొడులు’ అని ఉంది. ‘ప’ నాదే. దానికి తగిలించిన ఒత్వం ఏదో ఫాంట్‌లోది. ‘డు’ ఇంకో ఫాంట్‌లోది. ‘లు’ కొమ్ము మళ్లీ నాదే, ‘ళ్లు’ నుంచి కోసి అతికించారు.

కోపం కంటే ముందు నవ్వొచ్చింది. ఎందుకంటే వాళ్లు దొంగతనం అనుకుని చేసిన పని కాదది. అక్షరాలు కొనుక్కున్నాం, మా అక్షరాలు మేం వాడుకున్నాం అనుకున్నారు. వాళ్లు కొన్నది అక్షరాలను కాదు, ఒక మాటను. ఫ్రీలాన్స్ లెటరింగ్ పనిలో, అంటే ఇలా మాటలను చేత్తో గీసిచ్చే పనిలో, ధర దగ్గర, హక్కుల దగ్గర వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఫాంట్‌లోని ‘ప’ ఏ అక్షరం పక్కనైనా సర్దుకుపోవాలి. నేను గీసిన ‘ప’కు తన పక్కనున్న ఇద్దరే తెలుసు. ‘పచ్చళ్లు’ మాట చూడండి. మొదటి అక్షరం కింద ఏమీ లేదు. తర్వాతి రెండింటికీ కింద ఒత్తులు వేలాడుతున్నాయి. మామూలుగా రాస్తే వెనక బరువెక్కువై కాడి పైకి లేచిన బండిలా ఉంటుంది. అందుకని ‘ప’ కడుపును జాడీలా కిందికి ఉబ్బించి, ఒత్తులు ఆగే గీత దాకా దించాను. ట్రేసింగ్ పేపర్ మీద ఇరవైసార్లు గీస్తే గానీ అది కుదరలేదు. కాస్త ఎక్కువ దించితే ఆ అక్షరం ‘ప’లా ఉండదు, కింద పొరపాటున చిన్న గీత జారితే ‘ఫ’ అయి కూర్చుంటుంది. ఇప్పుడు ‘పొడులు’లో ఒక్క ఒత్తూ లేదు. దేనికోసం కిందికి దిగిందో తెలియని ఆ కడుపు అక్కడ ఊరికే వేలాడుతోంది.

తెలుగులో ఈ పని కష్టం ఈ ఒత్తుల దగ్గరే. పైన గుడులు, ఏత్వాలు; కింద ఒత్తులు; ‘స్త్రీ’ లాంటి మాటొస్తే ఒకే అక్షరం కోసం మూడు అంతస్తుల ఇల్లు కట్టాలి. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించింది 128 స్థానాలే. ఫాంట్ చేసేవాళ్లు మాత్రం వందల రూపాలు గీయాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గిడుగు, ధూర్జటి లాంటివి ఉచితంగా దొరకడం పెద్ద మేలే. డీటీపీ సెంటర్లు ‘అను’ అనే తెలుగు సాఫ్ట్‌వేర్ ఫాంట్లతో ఏళ్లు నెట్టుకొచ్చాయి. అయినా ఇంగ్లిషుతో పోలిస్తే మన పెట్టెలో సరుకు తక్కువ. అలాంటప్పుడు చేత్తో గీసేవాళ్లకు గిరాకీ పెరగాలి కదా?

గిరాకీ ఉంది, కానీ ఒకే రాతకు. “బాపు గారి రాతలా ఉండాలండీ” అని అడగని క్లయింటు నాకింకా తగల్లేదు. బాపు (1933–2014) పుస్తకాల అట్టల మీద, కార్టూన్ల కింద రాసిన రాత తర్వాత ఫాంటయింది. శుభలేఖ నుంచి జాతర ఫ్లెక్సీ దాకా పాకింది. నేనూ ఆ రాత దిద్దుకునే అక్షరం నేర్చుకున్నాను, కాబట్టి ఫిర్యాదు ఆయన మీద కాదు. ఒక మనిషి చేతిరాత కీబోర్డులోకి వచ్చేసరికి, ఎవరి చేతిరాతైనా కీబోర్డులో ఉండేదే అన్న భ్రమ మనకు కలిగింది. ‘మూడక్షరాలే కదా, ఎంతవుతుంది?’ అన్న ప్రశ్న అక్కణ్నుంచి పుట్టిందే.

ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద రాసే పెయింటర్లు మూలన చిన్నగా తమ పేరు, ‘ఆర్ట్స్’ అన్న తోక, ఫోన్ నంబరు రాసుకునేవారు. అది ప్రకటనే కాదు, ఈ రాత ఫలానావాడిదని చెప్పుకోవడం కూడా. ఇప్పుడు మేం పంపే వెక్టర్ ఫైలుకు (ఎంత పెద్దది చేసినా గీత చెదరని ఫైలు) మూల అనేది లేదు. ‘ఓపెన్ ఫైల్ పంపండి’ అంటారు, అంటే ఎవరైనా విడగొట్టి మార్చుకోగల ఫైలు; పంపుతాం, అంతే.

చట్టం మనం అనుకునేంత గుడ్డిది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం రేఖాచిత్రాన్ని కళాకృతిగానే లెక్కిస్తుంది, కళాత్మక విలువ ఉన్నా లేకున్నా. (క్లయింటుకు నచ్చని డ్రాఫ్టులకు కూడా ఇది వర్తిస్తుందని నాకో ఓదార్పు.) డబ్బిచ్చి చేయించుకున్న ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్, ఎన్‌గ్రేవింగ్‌లకు, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చినవారే తొలి యజమానులు. ఆ వరుసలో రేఖాచిత్రం పేరు లేదు. అంటే గోడ మీద రంగులతో రాస్తే ఒకలా, కాగితం మీద పెన్సిలుతో గీస్తే ఇంకోలా వాదించుకునే సందు ఉందన్నమాట. హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ అంటుంది. గడువు రాసుకోకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాసుకోకపోతే భారతదేశం వరకే. మనవాళ్ల ఒప్పందాలు వాట్సాప్‌లో ‘ఓకే అండీ’ దగ్గర ఆగిపోతాయి. నాదీ అక్కడే ఆగింది, తప్పు నాదే.

అందుకే అక్షరాలు లెక్కపెట్టో, గంటలు లెక్కపెట్టో ధర చెప్పడం మానేశాను. ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు, ఏ సరుకు మీద అనేది ముందు అడుగుతున్నాను. ఒక ఊళ్లో ఒక కొట్టు బోర్డుకూ, అమెరికాలోని తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్లే సీసాకూ ఒకే ధర ఎలా ఉంటుంది? డబ్బు ఆలస్యమైతే అడగడానికీ ఆధారముంది. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న పనివాళ్లకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది, దాటితే వడ్డీ కూడా పడుతుంది. నాకు తెలిసిన ఆర్టిస్టుల్లో ఆ నమోదు చేయించుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కించేంతమంది.

పొడుల డబ్బా సంగతి నేను ఎత్తకముందే ఆ ఇంటి పెద్దాయన ఫోన్ చేశారు. “ఆ ‘పొడులు’ ఎందుకో కుదరట్లేదు బాబూ, నువ్వే ఓసారి చూడు” అన్నారు. కొటేషన్‌తో పాటు రెండు పేజీల ఒప్పంద పత్రం పంపాను. కొటేషన్‌కు వెంటనే సరేనన్నారు. పత్రం మాత్రం ఆడిటర్ గారికి చూపించి చెబుతామన్నారు.