రామలింగంగారి నూనె బహిష్కరణ

రామలింగంగారి రక్తపరీక్ష కాగితంలో ట్రైగ్లిజరైడ్లు 265 అని వచ్చింది. 150 లోపు ఉండాలని పక్కనే అచ్చేసి ఉంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, డాక్టరు దగ్గరికి కాకుండా నేరుగా వంటింట్లోకి నడిచారు. ట్రైగ్లిజరైడ్ అంటే కొవ్వు, కొవ్వంటే నూనె, నూనెంటే పొయ్యి పక్కనున్న సీసా. మూడంగల్లో కేసు తేలిపోయింది.

"అన్నపూర్ణా, ఇవాళ్టి నుంచి మనింట్లో నూనె బంద్."

"మరి పోపు ఎలా వెయ్యనండీ?"

"పొడిగా వెయ్యి. ఆవాలకి కావలసింది వేడి. మధ్యలో నూనెకేం పని?"

పని ఉంది. ఆ వేడిని గింజ చుట్టూ సమంగా అందించేది నూనే. పొడి మూకుట్లో ఆవగింజ ఆనిన వైపు మాడుతుంది, ఆనని వైపు పచ్చిగా ఉంటుంది. మిగతావి ఎగిరి స్టవ్ కింద తలదాచుకుంటాయి. ఎండుమిరపకాయ ఘాటు నూనెలో కరిగే సరుకు. కరగడానికి నూనె దొరక్కపోతే మాడి పొగతో పాటు గాల్లోకి లేస్తుంది. రామలింగంగారి తుమ్ములకి పక్కింటి పిన్నిగారు కంగారుగా వచ్చి తలుపు కొట్టారు.

మర్నాడు దోసెలు. పెనం మీద నల్లగా నిగనిగలాడుతున్న పొరని చూసి "ఇదంతా నూనే కదూ" అని ఆయనే స్వయంగా వంటసోడా, ఇనప పీచు పట్టుకుని గంటసేపు తోమారు. అది ఒకప్పటి నూనె. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి ఇనుముకి పూతలా పట్టేసింది. అది కడుపులోకి పోదు, పిండి అంటుకోకుండా చూసే పని మాత్రం చేస్తుంది. తోమిన పెనం మీద మొదటి దోసె అట్లకాడతో కాదు, చాకుతో కూడా లేవలేదు. రెండోది ముక్కలుగా వచ్చింది. మూడోదానికి ఉప్మా అని పేరు పెట్టారు.

అసలు విషాదం ఆవకాయది. వేసవి కాలం, కాయలు కొట్టించి తెచ్చారు. ఆవపిండి, కారం, ఉప్పు అన్నీ అన్నపూర్ణమ్మ లెక్క ప్రకారమే పడ్డాయి. నూనె దగ్గర మాత్రం రామలింగంగారు చెంచా పట్టుకుని నిలబడ్డారు. మూడు చెంచాలు. "మూడో రోజు తిరగకలిపేటప్పుడు ముక్క మీద నూనె తేలాలండీ" అని ఆవిడ మొత్తుకున్నా వినలేదు. బూజుకి గాలి కావాలి. ముక్కల మీద తేలే నూనె ఆ గాలిని లోపలికి రానివ్వదు. జాడీలో నూనె పోసేది రుచి కోసమే అనుకుంటే పొరపాటు, అది మూత కింద రెండో మూత. పదిహేను రోజులకి వాసెన విప్పి చూస్తే పైముక్కలు తెల్లటి నూగు కప్పుకుని ఉన్నాయి. పైపైన తీసేస్తే సరిపోదా అని ఆయన బేరమాడారు. సరిపోదు, బూజు వేళ్లు కంటికి కనపడకుండా లోపలికి దిగుతాయి. జాడీ మొత్తం పారబోశారు. ఆవిడ ఆ రోజంతా మాట్లాడలేదు.

ఇంత త్యాగం చేసిన మనిషికి ఆకలెయ్యదా? వేసింది. అక్కడినుంచి "నూనె లేదుగా!" అన్న మాట ఆయనకి తారకమంత్రమైంది. వేయించిన పల్లీలు తినొచ్చు, నూనె లేదుగా. వంద గ్రాముల పల్లీల్లో 40 గ్రాములకి పైగా ఉన్నది మరేమిటని ఎవరూ అడగలేదు. కొబ్బరి పచ్చడీ అంతే. పల్లీ కొవ్వు చాలావరకు మంచిదే, కొబ్బరిది ఎక్కువగా సంతృప్త కొవ్వు, అంటే చెడు కొలెస్ట్రాల్‌ని పెంచే రకం. ఏదైనా గ్రాముకి 9 కేలరీలే, అన్నం గ్రాము పిండికి 4. గుడ్డులో 5 గ్రాముల కొవ్వుందని పచ్చసొన వీధి కుక్కకి వేసి, ఆ తరవాత కాఫీలకి రోజూ అర లీటరు ఫుల్ క్రీమ్ పాలు ఖాళీ చేశారు. 6 శాతం చొప్పున అందులో 30 గ్రాముల కొవ్వు, అంటే రెండు పెద్ద చెంచాల నూనెకి మించి. టోన్డ్ పాలైతే అందులో సగమే ఉండేది. ఈ ఏర్పాటు వల్ల బాగా బలిసింది కుక్క ఒక్కటే అనుకున్నారు.

సాయంత్రాలు బిస్కెట్లు. ప్యాకెట్ వెనకాల చిన్న అక్షరాల్లో మైదా, చక్కెర తరవాత మూడో పేరు పామాయిల్. దాంట్లో దాదాపు సగం సంతృప్త కొవ్వు. ఇంట్లోంచి గెంటేసిన వేరుశనగ నూనెలో ఐదో వంతే. ఆదివారాలు బండి మీద మిరపకాయ బజ్జీ కూడా నడిచేది, ఎందుకంటే నిషేధం "మనింట్లో" కదా. నల్లబడి, జిగటెక్కి, నురగ కట్టే మూకుడు నూనె మనింటిది కాదు.

మధ్యలో కిరాణా కొట్టులో "కొలెస్ట్రాల్ లేదు" అని రాసిన నూనె ప్యాకెట్ చూసి ఆయన మనసు కాస్త కరిగింది, పది రూపాయలు ఎక్కువైనా కొనబోయారు. చెప్పేవాళ్లు లేక గానీ, మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. కొలెస్ట్రాల్ తయారుచేసే కాలేయం వేరుశనగ మొక్కకి ఎక్కడిది?

మూడు నెలలకి మళ్లీ రక్తం ఇచ్చారు, పన్నెండు గంటలు ఏమీ తినకుండా. ట్రైగ్లిజరైడ్లు 318. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్.డి.ఎల్. 36 నుంచి 33కి దిగింది. ఈసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లక తప్పలేదు.

"పొద్దున ఏం తింటున్నారు?"

"ఆరిడ్లీ. నూనె లేదుగా."

"మధ్యాహ్నం?"

"అన్నమేనండీ. కూర చప్పగా ఉంటోందని మూడోసారి కూడా పెట్టుకుంటున్నాను. నూనె లేదుగా."

"కాఫీలో చక్కెర?"

"రెండు చెంచాలు. అందులోనూ నూనె..."

"ఆపండి" అన్నారావిడ. ఒంటికి అక్కర్లేనంత పిండి, చక్కెర వచ్చి పడితే కాలేయం వాటితోనే ట్రైగ్లిజరైడ్లు తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. దానికి నూనె సీసాతో పని లేదు. 500 దాటితే క్లోమగ్రంథికి ముప్పు, అందాకా రానివ్వకండి అని కాగితం మీద రాసిచ్చారు: అన్నం సగానికి సగం, చక్కెర బంద్, బిస్కెట్లు బంద్, టోన్డ్ పాలు, రోజూ నడక. నూనె వెనక్కి రావాలి, ఆకుకూరలోని ఎ విటమిన్ సరుకు ఒంటబట్టాలన్నా కాస్త కొవ్వు ఉండాలి. కాకపోతే కొలిచి వాడాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన లెక్క, 2000 కేలరీలు తినేవారికి నూనె, నెయ్యి కలిపి రోజుకి 27 గ్రాములు.

అన్నపూర్ణమ్మ అక్కడికక్కడే వేళ్ల మీద లెక్క కట్టింది. నెలకి మనిషికి తొమ్మిది వందల మిల్లీలీటర్లు కూడా రాదు. ఇద్దరికీ, నెయ్యితో కలిపి, లీటరు ముప్పావు దాటి కొంచెం. ప్యాకెట్ కత్తిరించిన రోజున దాని మీద తేదీ రాసుకుంటే చాలు, నెలాఖరుకి ఎవరి చేతివాటం ఎంతో తెలిసిపోతుంది.

రామలింగంగారు ఆటోలో చాలాసేపు ఆలోచించారు.

"అన్నపూర్ణా, అన్నం తగ్గించాలి, నూనె కొలవాలి. మరి పులిహోర అన్నం ఖాతాలోకి వస్తుందా, నూనె ఖాతాలోకా?"

"రెండింట్లోకీ వస్తుందండీ."