సవరణ: కీమో రోజుల్లో ఉపవాసం గురించి

పెద్దమ్మ కీమో నడుస్తుండగానే కార్తీక సోమవారాలు చేసుకుందని మొన్న రాశాను. అది చదివి, ఉపవాసంతో క్యాన్సర్ కణాలు మాడిపోతాయట, మా అమ్మచేత కూడా చేయిస్తామని కొందరు రాశారు. దయచేసి ఆ పని చేయకండి.

పెద్దమ్మ కడుపు మాడ్చుకోలేదు. డాక్టరుగారిని అడిగి అన్నం ఒక్కటే మానేసింది. పొద్దున పెసరట్టు, మధ్యలో పాలు, సాయంత్రం దీపం పెట్టాక మళ్ళీ ఫలహారం. పోపు వాసనకే వాంతి వచ్చేది కాబట్టి అన్నీ చల్లారాకే తినేది. రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ భయం ఉన్న వారంలో, కాచని పాలు కలిసిన పంచామృతాన్ని కళ్ళకద్దుకుని పక్కన పెట్టేసింది. భక్తి ఏం తగ్గలేదు.

చికిత్సలో అసలు భయం బరువు తగ్గడం, కండ కరగడం. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములన్నమాట. గుడ్డులో ఉండేది ఆరేడు గ్రాములే! కిడ్నీ జబ్బున్నవాళ్ళ లెక్క వేరు. చక్కెర మానేస్తే కణితి ఎండిపోతుందనడానికి ఆధారం లేదు.

మలక్‌పేట నుంచి ఒకామె రంజాన్ గురించి అడిగారు. రోగులకు ఖురాన్‌లోనే (2:184) మినహాయింపు ఉందమ్మా, నిశ్చింతగా తినండి.

బొప్పాయి ఆకు రసం, పసుపు మాత్రలు లాంటివి ఇస్తుంటే ముందు ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టరుకు) చెప్పండి. కూరలో వేసే పసుపుతో పేచీ లేదు.