నాసా టీఎల్‌ఎక్స్ గారికి ఒక వాడిపోయిన బుర్ర రాయునది

అయ్యా,

1988లో పరిశోధకులు శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌ల్యాండ్ మిమ్మల్ని లోకానికి పరిచయం చేశారు. ఒక పని చేశాక అది ఎంత భారమనిపించిందో ఆరు గీతల మీద గుర్తు పెట్టించి అడిగే ప్రశ్నావళి మీరు. విమానాలు నడిపేవాళ్ల బుర్ర మీద ఎంత బరువుందో తూచిన చరిత్ర మీది. అంతటివారు, తెర ముందు కూర్చుని ఒకే ఒక్క మీట నొక్కిన నన్ను కూడా పలకరించారు. సంతోషం.

నేను చేసింది త్రీ-బ్యాక్ అనే జ్ఞాపకశక్తి పరీక్ష. అక్షరం అరసెకను మెరిసి మాయమవుతుంది. అది మూడు స్థానాల వెనక వచ్చిందే అయితే నొక్కాలి. క, ట, మ, క... నొక్కాను. ఈలోపు ఇంకోటి. పాతదాన్ని గెంటేసి, మిగిలినవాటిని తలా ఒక మెట్టు జరిపి, కొత్తదానికి చోటివ్వాలి. బస్సులో కండక్టర్ పనే అనుకోండి, కాకపోతే ప్రయాణికులు కనబడరు. ఒక్కసారి వరస తప్పిందా, ఇక అంతే. బుర్ర చేతులెత్తేసింది, వేలు మాత్రం తోచినప్పుడల్లా నొక్కుతూ పోయింది. చివరి రెండు నిమిషాలూ నాకు హాయిగా గడిచాయి. 'శ్రమ' గీత మీద నిజాయితీగా 'తక్కువ' వైపు గుర్తు పెట్టాను. పని సులువని మీరు రాసుకుని ఉంటారు.

'శారీరక శ్రమ ఎంత?' అనీ అడిగారు. వేలు కదిపానండీ. మెడ పట్టేసింది, అది లెక్కలోకి వస్తుందా?

అసలు గొడవ 'పనితీరు' గీతతో. మిగతా అయిదింటికీ ఎడమ తక్కువ, కుడి ఎక్కువ. దీనికి మాత్రం ఎడమ 'భేష్', కుడి 'విఫలం'. నేను అలవాటు కొద్దీ, 'ఫర్లేదు, బాగానే చేశాను' అని కుడి చివర నొక్కి ముందుకెళ్లిపోయాను. మీ రికార్డులో నేనిప్పుడు హాయిగా విఫలమైనవాణ్ని.

అంతటితో వదిలారా? ఆరు అంశాలనూ రెండేసి చొప్పున జత కట్టి, ఈ పనిలో ఏది ఎక్కువ భారమో చెప్పమని 15 సార్లు అడిగారు. శ్రమా, చిరాకా? చిరాకా, తొందరా? తొమ్మిదో జతకి వచ్చేసరికి మూడో జతలో ఏం చెప్పానో గుర్తులేదు. ఇదీ పరీక్షలో భాగమేనేమో అనుకున్నాను. చాలామంది పరిశోధకులు ఈ జతల్ని ఎత్తేసి ఆరింటి సగటుతో సరిపెట్టుకుంటారని తర్వాత తెలిసింది. దానికి 'రా టీఎల్‌ఎక్స్' (అంటే ముడి టీఎల్‌ఎక్స్) అని పేరు కూడా ఉంది. నాకు దొరికినవాళ్లు మాత్రం సంప్రదాయవాదులు.

బుర్ర మీది బరువు తూచడానికి మీకన్నా కంటిపాప నయమందామంటే, 1966లో మనస్తత్వవేత్తలు కానెమన్, బీటీ చూపించినట్టు గుర్తుంచుకునే అంకెలు పెరిగేకొద్దీ అది పెద్దదవుతుంది, నిజమే. కానీ దానికి చిరాకు గురించి ఏమీ తెలియదు. అది అడిగేది మీరే. అందుకే మీ మీద పూర్తిగా కోపం రాదు.

ఒక్క మనవి. 'చిరాకు' గీత మీద గుర్తు పెట్టింది ఆ 15 జతలు రాకముందు. సరిదిద్దుదామని చూస్తే తెర మీద వెనక్కి వెళ్లే బటనే లేదు. అరగంట సేపు నన్ను మూడేసి అడుగులు వెనక్కి నడిపించారు కదండీ, ఒక్క అడుగు నన్ను వెళ్లనివ్వలేరా?

ఇట్లు,
పరీక్షకు కూర్చున్న ఒకడు