సినిమా మొదలవక ముందు పావుగంట

పాత థియేటర్ల మీద ఎవరు పోస్టు పెట్టినా కటౌట్లు, నూరు రోజుల షీల్డులు, బ్లాకు టికెట్లు, నేల క్లాసులో ఈలలు. నేనూ ఇష్టంగానే చదువుతాను. కానీ తెర లేచాక, అసలు సినిమా పడేలోపు వేసిన ఆ పావుగంట గురించి ఒక్కరూ రాయరేం? నాకు థియేటరంటే ముందు గుర్తొచ్చేది అదే. ఘంటసాల గారి వేంకటేశ్వరుడి పాట అయిపోయేది, లైట్లు ఆరేవి, తెర మీద మొదటి స్లైడు పడేది.

మా తెనాలిలో ఆ స్లైడ్లు చూస్తే ఊరంతా ఓసారి తిరిగొచ్చినట్టుండేది. జౌళి దుకాణం, టైలరు, టైపు ఇన్‌స్టిట్యూటు, సైకిల్ షాపు, పళ్ళ డాక్టరు. అరచేతిలో పట్టే గాజు పలక మీద చేత్తో రాసిన అక్షరాలు, పక్కన చిన్న బొమ్మ. అక్షరం తోక తిప్పిన తీరు చూసి అది ఏ ఆర్టిస్టు చెయ్యో చెప్పేసేవాళ్ళం. బజార్లో షాపు బోర్డులు రాసేదీ ఆయనే, గోడల మీద ఎన్నికల రాతలు రాసేదీ ఆయనే. ఆ టైలరు పెళ్ళాంబిడ్డల్తో బెంచీ క్లాసులోనే కూర్చునుండేవాడు. తన స్లైడు పడగానే తెర వైపు కాదు, వెనక్కి తిరిగి జనం వైపు చూసేవాడు, అందరూ చదువుతున్నారో లేదోనని.

ఆట మధ్యలో అర్జంటు కబురొస్తే అదీ స్లైడే. ఫలానా వారు వెంటనే గేటు దగ్గరికి రావలెను. చీకట్లో ఓ మనిషి లేచి వెళ్తుంటే, పురుడో, చావో, ఊరి నుంచి చుట్టాలో అని హాలంతా గుసగుసలు. ఆ కాసేపు ఎవరికీ కథ మీద ధ్యాస ఉండేది కాదు.

తర్వాత రీళ్ళు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే నిమిషం ప్రకటన అంటే 90 అడుగుల ముక్క, అంతే. ఆ ముక్కలన్నీ వరసగా అతికించి ఆపరేటరు ఒక రీలుగా చుట్టుకునేవాడు. వాడి వాడి గీతలు పడి, తెర మీద వాన కురుస్తున్నట్టుండేవి. అయినా రంగు రంగే! మన దేశంలో టీవీకి రంగొచ్చిందే 1982లో. అప్పటిదాకా రంగుల్లో కదిలే ప్రకటన చూడాలంటే సినిమా హాలే గతి. 1975 నాటి లిరిల్ సబ్బు ప్రకటన, కొడైకెనాల్ జలపాతం కింద ఆకుపచ్చ బట్టల్లో తడుస్తున్న అమ్మాయి, తెరంత ఎత్తున. దాన్ని యూట్యూబులో అరచేతంత ఫోనులో చూసి పాత జ్ఞాపకం అంటే నాకు బాధేస్తుంది. అది అంత చిన్నగా చూసేందుకు తీసింది కాదు.

వీటిని ఊరూరా థియేటర్లకు చేర్చిన కంపెనీల్లో పెద్ద పేరు బ్లేజ్. సినీ దర్శకుడు శ్యామ్ బెనెగల్ గారు మన సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టి, బొంబాయి వెళ్ళి, వందల కొద్దీ ప్రకటన చిత్రాలు తీశారు. ఆయన మొదటి కథాచిత్రం ‘అంకుర్’. 1974లో వచ్చింది. తెలంగాణ పల్లె కథ, దక్కనీ మాటలు. ఏళ్ళ తరబడి దానికి డబ్బు పెట్టేవాళ్ళే దొరకలేదు. చివరికి పెట్టింది ఈ బ్లేజ్ వాళ్ళే. సబ్బుల, పళ్ళపొడుల రీళ్ళు పంచే వ్యాపారం నడిపినవాళ్ళ చేతుల మీదుగా షబానా ఆజ్మీ మొదటిసారి తెర మీదికొచ్చింది. ప్రకటన రీళ్ళను చెత్తగా కొట్టిపారేసే వాళ్ళకి నేను ముందు చెప్పేది ఈ సంగతే.

సర్కారు వారి న్యూస్‌రీళ్ళ మాటా చెప్పాలి. 1948లో ఫిల్మ్స్ డివిజన్ పెట్టారు. దాని చిత్రాలు వేస్తేనే థియేటరుకి లైసెన్సు. ఆనకట్టలు, కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, గంభీరమైన గొంతుతో తెలుగు వ్యాఖ్యానం. జనం విసుక్కునేవాళ్ళు, అది నిజం. కానీ 2022లో ఆ సంస్థ జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిసిపోయినా ఆ చిత్రాలు చాలామట్టుకు మిగిలాయి, ఎందుకంటే వాటికో యజమాని ఉన్నాడు. లిరిల్‌కీ కంపెనీ ఉంది. మరి మా టైలరు స్లైడుకి ఎవరున్నారు?

నా కోపం ఇక్కడే. కొన్నేళ్ళ కిందట మా వైపు ఓ పాత హాలు పడగొట్టారు, ఫంక్షన్ హాలు కట్టడానికి. కుర్చీలు అమ్మారు, ప్రొజెక్టరు ఇనుము కింద తూకానికి వేశారు. ఆపరేటరు గదిలో చెక్కపెట్టె నిండా ఉన్న గాజు స్లైడ్లు మాత్రం ఇటుక ముక్కలతో కలిపి ట్రాక్టర్లో పారబోశారు. నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. మూతపడ్డ దుకాణాలూ, ఇప్పుడు లేని టెలిఫోన్ నంబర్లూ, ఏ పుస్తకంలోనూ ఎక్కని మనుషుల పేర్లూ అందులోనే పోయాయి. పడగొట్టినవాళ్ళని తిట్టి లాభం లేదు, వాటికి విలువుంటుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో, కార్లలోనే కూర్చుని చూసే డ్రైవ్-ఇన్ థియేటర్లలో, హాళ్ళలో ఇంటర్వెల్లో వేసిన చిన్న బొమ్మల రీలు ఒకటుంది, ‘లెట్స్ ఆల్ గో టు ది లాబీ’ అని. పాప్‌కార్న్, కూల్‌డ్రింకు, చాక్లెట్టు నడుచుకుంటూ పాడతాయి, లేచి వెళ్ళి ఏదైనా కొనుక్కోండని. 1957 నాటిది. చిరుతిళ్ళు అమ్ముకునే ఆ రీలుని 2000లో వాళ్ళ జాతీయ చిత్రాల పట్టికలో చేర్చి, ఇది మన దేశపు ఆస్తి అన్నారు. మనమో? మొట్టమొదటి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే మన దగ్గర లేదు. ఇక సోడా ప్రకటన ఎవరికి కావాలి?

ప్రకటనలేగా, ఇప్పుడు మల్టీప్లెక్సులో అరగంట వేసి చంపుతున్నారు కదా అని మొన్న ఓ మిత్రుడన్నాడు. నాకూ అవంటే చిరాకే. విజయవాడలో చూసినా వరంగల్లో చూసినా అదే కారు, అదే నగల కంపెనీ. హాలు బయట వీధిలో ఉన్న మనిషి ఆ తెర మీద కనిపించడు. ఇప్పటి తరానికి కలిసికట్టుగా నోటికొచ్చిన థియేటరు రీలు ఒకటే, ‘ఈ నగరానికి ఏమైంది’ అనే పొగాకు వ్యతిరేక ప్రకటన. 2018లో ఆ మాటలతోనే ఓ సినిమా వచ్చిందంటే చూడండి, చీకట్లో పదిమందితో కలిసి విన్న గొంతు మనసులో ఎంత లోతుగా దిగుతుందో.

కాబట్టి అడుగుతున్నాను. మీ ఇంట్లోనో, మీ మేనమామ గారి మూతపడ్డ హాల్లోనో ఇలాంటి పెట్టె ఉంటే దయచేసి పారేయకండి. గాజు స్లైడ్లని నీళ్ళతో తుడవకండి, చేత్తో వేసిన రంగు పోతుంది. వెనక తెల్లటి వెలుతురు పెట్టి ఫోనుతో ఫొటో తీయండి. ఫిల్ము డబ్బా మూత తీయగానే పుల్లటి వెనిగర్ వాసనొస్తే అది పాడవుతోందని అర్థం. దాన్ని మిగతావాటికి దూరంగా, చల్లగా, తేమ లేని చోట పెట్టండి. పూణేలో 1964 నుంచి జాతీయ ఫిల్ము ఆర్కైవు ఉంది, వాళ్ళకి రాయండి. మీ ఊళ్ళో ఆపరేటరుగా చేసిన పెద్దాయన ఇంకా ఉంటే ఈ ఆదివారమే వెళ్ళి కూర్చోండి, ఏ దుకాణం స్లైడు ఎన్నేళ్ళు ఆడిందో, ఎవరు రాసేవారో అడిగి రికార్డు చేయండి. ఫొటోలు ఈ పోస్టు కింద పెట్టండి. ఊరి పేరు, హాలు పేరు మాత్రం రాయడం మరిచిపోకండి.